తక్కువ ఖర్చులో చెక్క నేల: ఏది నిలుస్తుంది, ఎందుకు?

వుడెన్ ఫ్లోరింగ్ దుకాణానికి వెళ్ళినవాళ్ళకు ఒక ప్రదర్శన తప్పదు. కుర్రాడు ఒక పలకను బల్లమీద పెట్టి, గ్లాసుడు నీళ్ళు దానిమీద ఒంపి, గుడ్డతో తుడిచేసి, "చూశారుగా సార్, చుక్క కూడా పీల్చలేదు" అంటాడు. అతను అబద్ధమాడటం లేదు. లామినేట్ పలక పైపొర మెలమైన్ రెజిన్‌తో గట్టిపరిచిన కాగితం, సన్‌మైకా బల్లలమీద ఉండే సరుకే. అందులోంచి నీళ్ళు దిగవు. దిగేది అంచుల్లోంచి, రెండు పలకలు కలిసే అతుకుల్లోంచి. ఆ అంచును నీళ్ళలో ముంచి చూపించే దుకాణం నాకింతవరకు తగల్లేదు.

ఆ పని మనమే చేసుకోవచ్చు. శాంపిల్ ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. కోసిన అంచు కిందికి వచ్చేలా గ్లాసులో నిలబెట్టి రెండంగుళాల మేర నీళ్ళు పోయండి. మర్నాడు అదే వేళకు తీసి, తుడిచి, తడిసిన చోట మందం కొలవండి. ఈ పలకలకు ఐరోపా వాళ్ళు పెట్టుకున్న ఈఎన్ 13329 ప్రమాణం, గట్టి రకాలకు కూడా ఒక రోజు నానాక మందం 18 శాతం దాకా పెరిగితే తప్పు లేదంటుంది. అంటే 8 మి.మీ. పలక దాదాపు తొమ్మిదిన్నర అయినా పరీక్ష పాసైనట్టే. పైగా ఆరబెడితే అది పాత మందానికి రాదు. లోపల ఉండేది హెచ్‌డీఎఫ్. చెక్క పీచును జిగురుతో కలిపి, వేడిమీద అణిచి చేసిన దిమ్మ అది. తడి తగిలి ఆ పీచు ఒకసారి విచ్చుకుందంటే మళ్ళీ అణగదు. మూడు నాలుగు దుకాణాల ముక్కల్ని పక్కపక్కన ఇలా నానబెడితే, ఏది ఎంత ఉబ్బిందో కంటికే తెలిసిపోతుంది. రేటుకూ ఉబ్బుకూ పొంతన లేకపోవడమూ తెలుస్తుంది.

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు నీటి సంగతి తేల్చుకోవాలని నేననేది అందుకే. గీతలు, రంగు, మందం ఆ తర్వాత చూసుకోవచ్చు.

అసలు చెక్క ఎందుకు ఉబ్బుతుంది?

చెట్టు కొట్టి ఎన్నేళ్ళయినా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. తేమ చేరినప్పుడు కణాల గోడలు లావెక్కుతాయి. కణాలు చెట్టు నిలువునా పొడుగాటి గొట్టాల్లా పేర్చి ఉంటాయి కాబట్టి ఆ లావు అడ్డంగానే తేలుతుంది. పలక వెడల్పు పెరుగుతుంది, పొడవులో వచ్చే మార్పు లెక్కలోకి రాదు.

ఎంత పెరుగుతుందో ఒక లెక్క వేద్దాం. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నాలు గాలిలో తేమ 30 శాతం కిందికి పడిపోవడం మామూలే. ఆగస్టు ముసురులో 80 దాటుతుంది. 30 శాతం తేమ ఉన్న గాలిలో చాలా రోజులు ఉంచితే చెక్కలోని నీరు దాని బరువులో 6 శాతం దగ్గర కుదురుకుంటుంది, 80 శాతం గాలిలో 16 దగ్గర. లోపలి నీరు ఒక్కో శాతం పెరిగినప్పుడల్లా టేకు పలక వెడల్పు సుమారు 0.2 శాతం పెరుగుతుంది. అంటే 100 మి.మీ. పలక ఆ చివరినుంచి ఈ చివరిదాకా మారితే 2 మి.మీ. పదకొండడుగుల గదికి అలాంటివి 33 పలకలు పడతాయి. మొత్తం ఆరున్నర సెంటీమీటర్లు!

ఇంట్లో నిజంగా అంత జరగదు. గాలి మారినంత వేగంగా చెక్క మారదు, పాలిష్ కొంత అడ్డుకుంటుంది, పలకల మధ్య సందులు కొంత మింగుతాయి. అయినా అందులో పావు వంతు చాలు. గోడ కదలదు, కాబట్టి నేల పైకి లేస్తుంది. గోడ చుట్టూ సందు వదిలి దాన్ని స్కర్టింగ్‌తో కప్పేది ఇందుకే. లామినేట్ ఇంతలా కదలకపోయినా పొడవు, వెడల్పు రెండు వైపులా కాస్త కాస్త కదులుతుంది. దానికి 8 నుంచి 10 మి.మీ. సందు వదలాలి.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు వాట్సాప్‌లో పంపే సలహాలు ఇక్కడ పూర్తిగా కుదరకపోవడానికీ కారణం ఉంది. అక్కడ చాలా ఇళ్ళలో నేల కింద ప్లైవుడ్ ఉంటుంది, 19 మి.మీ. ఓక్ పలకల్ని దానికి మేకులతో బిగిస్తారు. చలికాలంలో హీటర్ గాలిని ఎండగడితే పలకల మధ్య సందులు పడతాయి. మనకు సందులు పడేది ఎండాకాలంలో, ఉబ్బేది వానల్లో. కింద ఉండేది సిమెంటు శ్లాబు, దాని మీద టైల్స్. మేకు దిగే చోటే లేదు.

ఎంత గట్టి చెక్కయితే అంత మన్నుతుందా?

చెక్క గట్టిదనాన్ని జాంకా పరీక్షతో కొలుస్తారు. 11.28 మి.మీ. ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేదాకా నొక్కి, ఎంత బలం పట్టిందో చూస్తారు. అమెరికా రెడ్ ఓక్‌కు 1,290 పౌండ్లు, హికరీకి 1,820. మన టేకుకు వెయ్యీ నూరు, అటూ ఇటూ. ఈ లెక్క చూసి టేకు మీద గౌరవం తగ్గించుకోనక్కర్లేదు. టేకుకు పేరొచ్చింది గట్టిదనంతో కాదు. మిగతా చాలా కలపలకన్నా అది తక్కువ కదులుతుంది, చేవలో సహజంగా ఉండే నూనెలూ రసాయనాలూ చెదను దగ్గరికి రానివ్వవు. ఆ గుణం చేవకే ఉంది, చుట్టూ ఉన్న తెల్లచెక్కకు లేదు. తోటల్లో పెంచి తొందరగా కొట్టిన టేకులో తెల్లచెక్క పాలు ఎక్కువ. టేకు పేరు చెప్పి చవగ్గా ఇస్తున్నారంటే ముందు పలక కొసలు చూడండి. పాలిపోయిన పట్టీ ఎంత వెడల్పుందో అక్కడ దాచడం కుదరదు.

నేలను అరగదీసేది కాలు కాదు, కాలికి అంటుకున్న ఇసుక. ఇసుక రేణువు ఏ వార్నిష్ కన్నా గట్టిది. ఈ విషయంలో మనకు ఎవరూ అమ్మని, ఎవరూ కొననక్కర్లేని వసతి ఒకటుంది. చెప్పులు గడప బయట విడిచే అలవాటు. బూట్లతో తిరిగే ఇళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసిన లామినేట్ అరుగుదల తరగతుల్లో (వాటి సంగతి కిందే ఉంది) మనకు పై మెట్టు అవసరం లేదు.

మరి లామినేట్‌లో ఏది కొనాలి?

స్వీడన్‌కు చెందిన పెర్స్‌టార్ప్ కంపెనీ 1977లో ఈ ఆలోచన చేసింది. వంటింటి బల్లలమీద అతికించే పొరను నేలకెందుకు వాడకూడదన్నదే ఆలోచన. పైన కొరండం పొడి కలిపిన పారదర్శకమైన పొర, దాని కింద చెక్క ఫొటో అచ్చు వేసిన కాగితం, దాని కింద హెచ్‌డీఎఫ్, అడుగున పలక వంగకుండా మరో పొర. మన కంటికి కనిపించే టేకు నార, ముడులు అన్నీ ఫొటోయే.

పైపొర అరుగుదలను ఏసీ3, ఏసీ4, ఏసీ5 అని అంకెల్లో చెబుతారు. గదిని చల్లబరిచే ఏసీతో దీనికి సంబంధం లేదు. ఏసీ3 ఇంటికీ, తక్కువ రాకపోకలుండే ఆఫీసుకూ. ఏసీ4 మామూలు దుకాణాలకు. ఏసీ5 బాగా రద్దీ ఉండే చోట్లకు. చెప్పులు బయట విడిచే పడగ్గదికి ఏసీ3 సరిపోతుంది, పిల్లలు బొమ్మ కార్లు ఈడ్చే ఇంట్లో ఏసీ4 తీసుకుంటే నిశ్చింత. ఏసీ5కు అదనంగా పెట్టే డబ్బు అనవసరం. ఆ డబ్బు నేల చదును చేయించడానికి పనికొస్తుంది.

మందం విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది. 12 మి.మీ. పలక మీద నడిస్తే కాలికి నిండుగా తగులుతుంది, చప్పుడు తక్కువ. కానీ అరగాల్సిన పైపొర 8 మి.మీ. పలకమీద ఎంతో 12 మీదా అంతే. లోపల దిమ్మ మందంగా ఉందని పైపొర ఎక్కువ కాలం మన్నదు. నా ఓటు మంచి క్లిక్ లాక్, అంటే ఒకదానిలో ఒకటి బిగుసుకునే అంచు, ఉన్న 8 మి.మీ. పలకకే. దుకాణంలో రెండు పలకలు తీసుకుని మీరే ఒకసారి బిగించి, విప్పి, మళ్ళీ బిగించండి. అతుకు మీద గోరు అడ్డంగా గీస్తే తట్టుకోకుండా పోవాలి. తడబడితే ఆ రకం వదిలేయండి. తుడిచే గుడ్డలోని తడి చేరేది ఆ సందులోకే. అట్టపెట్టె మీద ఫార్మాల్డిహైడ్ గురించి ఈ1 అనో అంతకన్నా మెరుగనో రాసి ఉందా అన్నదీ చూసుకోవాలి. కిటికీలు మూసి, ఎయిర్ కండిషనర్ వేసుకుని పడుకునే గది కదా.

నీళ్ళకు బెదరనిది కావాలంటే?

అప్పుడు ఎస్‌పీసీ. సున్నపురాయి పొడినీ పీవీసీనీ కలిపి చేసిన గట్టి పలక, పైన చెక్క బొమ్మ, దానిమీద 0.3 లేదా 0.5 మి.మీ. పారదర్శక పొర. ఇది ఉబ్బదు, చెద తినదు. ఖర్చూ లామినేట్‌కు మరీ దూరంలో ఉండదు. కాకపోతే ఇందులో చెక్క వీసమెత్తు లేదు. కాలికి తగిలే స్పర్శలో ఆ తేడా కొందరికి తెలుస్తుంది, కొందరికి తెలియదు. పలక నాలుగైదు మి.మీ.లే కాబట్టి కింద నేల ఎగుడుదిగుడుగా ఉంటే లాక్ దగ్గర విరుగుతుంది. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా పడే చోట వేడికి సాగుతుంది కూడా, అక్కడ మందపాటి తెర ఉండాల్సిందే. వంటింటి పక్కన భోజనాల గదికో, సముద్రపు గాలికి గోడలు చెమర్చే విశాఖపట్నం, కాకినాడ ఇళ్ళకో నన్నడిగితే ఇదే చెబుతాను.

అసలు చెక్కే కావాలి, డబ్బు మాత్రం పరిమితం అన్నవాళ్ళకు మధ్యేమార్గం ఇంజనీర్డ్ వుడ్. కింద ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి, ఒక పొర కదలబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. పైన నిజమైన చెక్క పొర. ఆ పొర ఎంత మందమన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు. 3 మి.మీ. పైన ఉంటే ఏళ్ళు గడిచాక ఇసుక కాగితం పట్టించి కొత్తగా పాలిష్ చేయించుకోవచ్చు. ఒక మి.మీ. లోపుంటే మీరు కొంటున్నది ఖరీదైన లామినేట్ లాంటిదే.

పాత ఇంటి కలపతో వేయించుకోవచ్చా?

ఊళ్ళో పెంకుటిల్లు విప్పుతున్నవాళ్ళకు ఇది నిజంగా ఆలోచించదగ్గ దారి. దశాబ్దాల పాటు పెంకుల కింద ఆరిన టేకు దూలాలు, వాసాలు ఇప్పుడు కొనబోతే దొరకని సరుకు. విప్పిన కలప కొనే వ్యాపారికి మొత్తంగా ఇచ్చేసే ముందు ఒక లెక్క చూసుకోండి. ఆరంగుళాల చదరం, పదడుగుల పొడవు ఉన్న దూలంలో రెండున్నర సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) ఉంటుంది. ఒక సీఎఫ్‌టీని అంగుళం మందం పలకలుగా కోస్తే కాగితం మీద 12 చదరపు అడుగులు. రంపం తినేది, చిత్రిక పట్టడంలో పోయేది, మేకుల బెజ్జాలకూ పుచ్చుకూ తీసేసేది పోగా 8 చేతికొస్తే మంచిదే. ఆ లెక్కన 12 అడుగులకు 11 అడుగుల గదికి పదహారు పదిహేడు సీఎఫ్‌టీ కావాలి.

కోత మిల్లు వాళ్ళు పాత కలప అనగానే మొహం చిట్లిస్తారు, వాళ్ళను తప్పు పట్టలేం. లోపల తల విరిగి ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు, రంపం పళ్ళు పోతాయి. కాబట్టి మేకులు ముందే పీకించాలి, బ్లేడు పోతే ఎవరిదన్నది ముందే మాట్లాడుకోవాలి. కోసిన పలకల్ని వెంటనే వేయకూడదు. మధ్యమధ్య బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి, వేయబోయే ఇంట్లోనే కొన్ని వారాలు ఉంచితే అక్కడి గాలికి అలవాటు పడతాయి. కింద ప్లైవుడ్ పరచడం, వడ్రంగి కూలి, పాలిష్ కలిపితే ఇది చవక పనేమీ కాదు. కలప కొనాల్సిన ఖర్చు మిగులుతుంది, అంతే. కానీ ఈ వ్యాసంలో చెప్పిన వాటన్నింటిలో మీ పిల్లలు కూడా మళ్ళీమళ్ళీ సానపట్టించుకుని వాడుకోగలిగింది ఇదొక్కటే.

ఉన్న టైల్స్ మీదే వేయొచ్చా?

లామినేట్, ఎస్‌పీసీ అయితే వేయొచ్చు, టైల్స్ పగలగొట్టే పని లేదు. నేలకు అతికించరు, మేకులు కొట్టరు. పలుచటి ఫోమ్ పరిచి, దానిమీద పలకల్ని ఒకదానిలో ఒకటి బిగించుకుంటూ పోతారు. నేల మొత్తం ఒకే చాపలా పరుచుకుని ఉంటుంది. కానీ ఈ పద్ధతిలో కింది నేల చదునుగా లేకపోతే పైన ఎంత ఖరీదైన సరుకు వేసినా దండగే. అడుగు పడ్డప్పుడల్లా పల్లం దగ్గర పలక దిగి లేస్తుంది, లాక్ నలుగుతుంది, కొన్ని నెలలకు టక్ టక్‌మని చప్పుడు మొదలవుతుంది, ఆ తర్వాత అతుకు విచ్చుకుని తడి దిగుతుంది.

చదును చూడటం తేలిక. మేస్త్రీ దగ్గరి రెండు మీటర్ల అల్యూమినియం పట్టీని నేలమీద అన్ని దిక్కులా తిప్పుతూ పెట్టండి. ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు రూపాయి బిళ్ళలు, అంటే సుమారు 3 మి.మీ., పట్టీ కింద ఎక్కడైనా దూరిపోతుంటే ఆ పల్లాన్ని నింపించాలి. టైల్స్‌ను నాణెంతో తట్టుకుంటూ వెళ్ళండి. డొల్ల చప్పుడు వచ్చిన టైల్‌ను తీసి మళ్ళీ వేయించాలి. నేల అంతస్తయితే ఇంకో పరీక్ష ఉంది. రెండడుగుల పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసి చూస్తే లోపల చెమ్మ కనిపించిందా, లామినేట్ ఆలోచన మానుకోవడమే మేలు.

ఎత్తు సంగతి చాలామంది పని మొదలయ్యాక గుర్తు చేసుకుంటారు. 8 మి.మీ. పలక, 2 మి.మీ. ఫోమ్ కలిపి సెంటీమీటరు. తలుపు కింద అంత సందు లేకపోతే తలుపు విప్పి కోయాలి, దానికి వడ్రంగి వేరు, కూలి వేరు. చదరపు అడుగు రేటులో ఇది ఉండదు. స్కర్టింగ్, గుమ్మం దగ్గర వేసే పట్టీలు, ఫోమ్ కూడా ఒక్కోచోట విడిగా రాస్తారు. అన్నీ కలిపి గదికి ఎంతన్నది కాగితం మీద రాయించుకోండి. 132 చదరపు అడుగుల గదికి కోతల్లో పోయేది పది శాతం వేసుకుంటే 145 అవుతుంది. పెట్టెకు 20 చదరపు అడుగులు వస్తే ఎనిమిది పెట్టెలు కొనాలి.

గోడకు బిగించే వార్డ్‌రోబ్ ఉంటే ముందు అది కట్టించి, నేలను దాని దగ్గరిదాకా తెచ్చి ఆపాలి. నేలమీద వార్డ్‌రోబ్ పెట్టి బిగిస్తే చాప ఒక పక్క ఇరుక్కుపోతుంది, వానాకాలంలో రెండో పక్క లేస్తుంది. తలుపు ఆపడానికి నేలలోకి మర దింపే డోర్ స్టాపర్‌ది కూడా ఇదే దోషం. చిన్న వస్తువే, కానీ అది పలకను శ్లాబుకు కుట్టేస్తుంది. గోడకు బిగించే రకం తెచ్చుకోండి.

తుడవడం ఎలా?

పండక్కి నేల కడిగే అలవాటు ఈ గది గడప దగ్గర ఆగిపోవాలి. పొడిగా ఊడ్చి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిస్తే చాలు, తడి నిమిషంలో ఆరిపోవాలి. పనమ్మాయికి ఈ మాట మొదటి రోజే చెప్పాలి, చెప్పి ఒకసారి చేసి చూపించాలి. బక్కెట్టులో ఫినాయిల్ కలుపుకుని నేలంతా తడపడమే శుభ్రమని అందరిళ్ళలోనూ నేర్పినదే ఆమె ఇక్కడా చేస్తుంది.

అయినా పడగ్గదుల్లో నేల పాడయ్యేది తుడవడం వల్లకన్నా మూడు చోట్ల నుంచి ఎక్కువ. ఎయిర్ కండిషనర్ పైపు మూసుకుపోయి గోడవెంట కారే నీరు, వాన జల్లు కొట్టే కిటికీ, అటాచ్డ్ బాత్రూము గుమ్మం. మూడోది రోజూ ఉండేదే. బాత్రూము గుమ్మానికి గ్రానైట్ గడప లేకపోతే ముందు అది వేయించి, పలక ఆగే చోట సిలికాన్ పట్టించి, నీళ్ళు బాగా పీల్చే మందపాటి పట్టా ఒకటి వేయండి. ఎయిర్ కండిషనర్ కింది మూలను వేసవి మొదట్లో ఒకసారి స్కర్టింగ్ దగ్గర చేత్తో తడిమి చూసుకోండి.

ఒక పలక ఉబ్బితే మొత్తం మార్చాలా?

అక్కర్లేదు. దగ్గరి గోడవైపు స్కర్టింగ్ ఊడదీసి, అక్కడినుంచి ఆ పలకదాకా ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చి, దాన్ని మార్చి, మళ్ళీ బిగించుకుంటూ వెనక్కి వెళ్ళొచ్చు. లాక్ మంచిదైతే ఇది సగం పూట పని. మార్చడానికి అదే రంగు పలక ఉండాలి, చిక్కల్లా అక్కడే. ఈ డిజైన్లు మారిపోతుంటాయి, ఒకే డిజైన్‌లోనూ బ్యాచ్‌ను బట్టి ఛాయ మారుతుంది. పైన లెక్కలో మిగిలిన ముక్కల్ని పనివాళ్ళు సంచిలో వేసుకుని వెళ్ళకుండా చూసి, వాడని పలకలు ఓ అరపెట్టె మంచం కింద పడుకోబెట్టి ఉంచండి. బాల్కనీలో గోడకు చేరవేస్తే వంగిపోతాయి.